గేటు దగ్గర నిలబడని మనిషి

గాలి.

మా వైపు ముందు గాలి లేస్తుంది. పొద్దు ఆ తర్వాతే.

పళ్ల మధ్య ఇసుక కరకరలాడుతుంది. గిటార్ తీగల మీద సన్నటి ఎర్రమట్టి పేరుకుంటుంది. తుడిచినా పోదు. పాడుతుంటే నాలుకకు తగులుతుంది — తుప్పు రుచి, ఎండుగడ్డి రుచి, వస్తానని చెప్పి రాకుండా పోయిన వాన రుచి…

ఆ రుచితోనే పాతికేళ్లుగా పాడుతున్నాను.

నా పేరు ట్వైలా. టెక్సస్ ఉత్తరపు కొసన పుట్టాను. ఇక్కడ చెట్టు కనబడితే ఎవరో నాటిందే అనుకోవాలి. పెద్ద నగరాల్లో నా పేరు ఎవరికీ తెలియదు. కానీ మా ఏడెనిమిది కౌంటీల్లో ఏ పెట్రోలు బంకులో బండి ఆపినా, "ఏమ్మా ట్వైలా, ఈ ఆదివారం పాట ఎక్కడ?" అని అడిగే గొంతు ఒకటి ఉంటుంది.

అది చాలు.

చాలు అనడం కూడా తక్కువే.

మొదటిసారి నేను పాడింది పశువుల వేలం జరిగే షెడ్డులో. రెండు మందల మధ్య దొరికిన పావుగంటలో. ఎక్కడో వెనకనుంచి ఒక దూడ నాతో గొంతు కలిపింది. శ్రుతి దానిదే బాగుందని ఇప్పటికీ అంటారు.

ఆ రోజే లోయెల్ కనబడ్డాడు. దాణా బస్తాలు దించుతూ, బస్తా మీద వేళ్లతో దరువేస్తూ. పాట అయ్యాక వచ్చాడు. టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"నీకు తాళం లేదు. నాకు గొంతు లేదు. కలిసి పోదామా?" అన్నాడు.

మా వైపు మగవాళ్లకు ప్రేమ చెప్పడం ఇంతకంటే చేతకాదు.

అలా పోయాం. ఆయన బాస్ గిటార్, నా గొంతు, ఒక పాత వ్యాను. మొదటి రికార్డు మా చర్చి భోజనాల గదిలో చేసుకున్నాం. ఫ్రిజ్ గుర్రుమంటోందని తీగ పీకేశాం. పెట్టడం మరిచిపోయాం. ఆదివారం విందుకు దాచిన ఐస్‌క్రీమంతా కరిగి గుమ్మం దాటింది. చర్చి ఆడవాళ్లు వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వచ్చి, "ఆ మూడో పాట ఇంకోసారి పాడు, పాడుదానా" అన్నారు.

రికార్డు కంపెనీ లేదు. ముందు నడిచేవాళ్లూ లేరు, వెనక తోసేవాళ్లూ లేరు. దారి ఉంది. దారి పొడవునా గాలి ఉంది.

ఇంక… ఆ పాట ఉంది.

*

మా అమ్మమ్మ నాకొక కథ చెప్పింది. కథ అంటే కథ కాదు, రెండు ముక్కలు.

రెండు కౌంటీల అవతల ఓర్విల్ అని ఒకాయన ఉండేవాడట. పొలాల్లో పశువుల తొట్టెలకు నీళ్లు తోడే గాలిమరలు ఉంటాయే, వాటిని బాగుచేసేవాడట. ఒకరోజు మర మీదనుంచి పడిపోయాడట. ఆ తర్వాత ఎప్పుడో అమ్మమ్మ బస్సులో పోతూ చూసింది — ఆయన ఇంటి గేటు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఒక్కతే. పొద్దు వాలుతోంది.

అంతే. అమ్మమ్మకు తెలిసింది అంతే.

మిగతాదంతా నేను కల్పించాను. తుఫాను పెట్టాను. చేతికి దీపం ఇచ్చాను. ఏళ్లకేళ్లు ఆమెను ఆ గేటు దగ్గర నిలబెట్టాను.

దీపం పట్టుకు గేటు దగ్గరే
నిలుచుందమ్మా సాయంకాలం —
గాలి తిరిగినా, మర తిరిగినా,
మనిషి తిరిగి రాని కాలం…

మా ఊరి రేడియోలో డ్వేన్ ప్రూయిట్ అని ఒకాయన ఉన్నాడు. మధ్యాహ్నం గోధుమల రేటు చదివి, వాన వార్త చదివి, ఒక పాట వేస్తాడు. ఒకరోజు ఇది వేశాడు. మర్నాడు కూడా వేశాడు. వారం తిరగకముందే ట్రాక్టరు మీద ఉన్నవాళ్లు పాడుకుంటున్నారు. పెళ్లిళ్లలో పాడమన్నారు. చావుల్లో పాడమన్నారు. పేరు మరిచిపోయి అందరూ 'గేటు పాట' అన్నారు. నేనూ అదే అన్నాను.

పదమూడేళ్లు పాడాను.

ఆ పదమూడేళ్లలో ఒక్కసారి… ఒక్కసారైనా రెండు కౌంటీలు దాటి పోయి, ఆ గేటు ఎక్కడుందో చూద్దామని తోచలేదు నాకు.

*

ఆగస్టు. కౌంటీ సంత. మధ్యాహ్నం మూడు.

పాట అయిపోయింది. నా రికార్డులు పెట్టుకున్న బల్ల ముందు జనం వరసలో ఉన్నారు. వరసలో ఒక ముసలావిడ. మగవాళ్ల చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. తలమీద గడ్డి టోపీ. ముంజేతుల మీద పాత గాట్లు.

ఆమె వంతు వచ్చింది. రికార్డు ముట్టుకోలేదు.

"ట్వైలావి నువ్వేనా?"

"అవునండి."

"ఆ గేటు మనిషిని నేనే."

నా చేతిలో కలం ఆగిపోయింది.

"ఒనీటా అంటారు నన్ను. బాగా పాడావు పిల్లా. గొంతు బాగుంది. ఒక్క ముక్క నిజం లేదు."

వెనక ఎవరో నవ్వి, ఆపుకున్నారు.

"దీపమేంటి? మా ఇంటికి కరెంటొచ్చి అప్పటికి ముప్ఫై ఏళ్లు. తుఫానేంటి? ఆ రోజు ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మా ఆయన చక్రానికి బ్రేకు వెయ్యడం మర్చిపోయాడు, పైకెక్కాడు. గాలి కాస్త మళ్లింది. అంతే. మంచివాడే… మతిమరుపు."

"మిస్ ఒనీటా… మా అమ్మమ్మ బస్సులోంచి చూసిందండి. మీరు గేటు దగ్గర నిలబడి ఉన్నారని—"

"నిలబడే ఉంటాను. గేటు కీలు ఊడింది. ఎవరు బిగిస్తారు, మీ అమ్మమ్మా?"

ఈసారి ఎవరూ ఆపుకోలేదు. వరసంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి.

ఆమె మాత్రం నవ్వలేదు. బల్ల మీద చేయి ఆనించి కాస్త ముందుకు వంగింది.

"మంగళవారం మా ఇంటికి రా. పొద్దున్నే. చెప్పులేసుకుని రాకు, బూట్లేసుకో."

*

ఇంటికి వస్తుంటే బండి లోయెల్ నడుపుతున్నాడు. పత్తి చేలు పోయాయి. ధాన్యం నిలవచేసే గోపురాలు పోయాయి.

"ఎనభై ఒకటంట ఆవిడకి," అన్నాడు చివరికి. "ఏదో అంది. వదిలెయ్."

"ఆవిడ బతుకు లోయెల్, అది."

"ఇప్పుడు మన పాట."

"అదేగా తప్పు."

ఆయన కిటికీ అద్దం దించాడు. గాలి లోపలికి వచ్చింది. దాన్నే మాట్లాడనిచ్చాడు.

*

మంగళవారం ఆమె వంటింట్లో కూచున్నాను. ఉడికిన బీన్స్, మొక్కజొన్న రొట్టె. ఆమె తింటూ చెప్పింది, వంట గురించి చెబుతున్నట్టు.

ఓర్విల్‌ను గురువారం పాతిపెట్టారు. ఇల్లంతా ఎవరెవరో తెచ్చిన వంటల గిన్నెలు. ఆరో రోజు ఫోను మోగింది. అవతల ఒక రైతు. "ఇలాంటప్పుడు అడగకూడదమ్మా… కానీ మా పెద్ద పొలంలో మర ఆగిపోయింది. తొట్టెలు ఎండిపోయాయి. ఓర్విల్ తప్ప దాని సంగతి తెలిసినవాళ్లు లేరు…"

"ఏమన్నారు మీరు?"

"వస్తున్నా అన్నాను."

పంతొమ్మిదేళ్లు ఆమె కింద నిలబడి పనిముట్లు అందించింది. ఏ మరకు ఏ రెంచీ కావాలో ఆయన అడగకముందే తెలుసు. ఎన్నడూ ఎక్కింది మాత్రం లేదు.

ఆగిపోయిన మర ఏదో ఆ రైతు ఫోనులో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

ఓర్విల్ పడింది దాని మీదనుంచే.

"ఏం చేశారు మిస్ ఒనీటా?"

"మొదట బ్రేకు వేశాను. రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత ఆయన్ని తిట్టాను, గట్టిగా, ఆవులు తల తిప్పి చూశాయి. తర్వాత ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఎక్కాను."

"పైన… ఏడ్చారా?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"రెండు చేతులూ పనిలో ఉన్నాయి పిల్లా. ముక్కు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ ఎక్కడిది?"

ఆ తర్వాత ఇరవయ్యారేళ్లు ఎక్కుతూనే ఉంది. మోకాళ్లు ఇంక చాలన్నాయి కాబట్టి దిగింది.

గిన్నెలు కడిగాక నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. ఆమె సొంత మర. పిడి లాగి చక్రం ఆపింది. "రెండుసార్లు చూడు," అంది. చూశాను. "ఎక్కు."

పన్నెండో మెట్టు మీద ఆగి కిందకి చూశాను.

"కిందకి చూడకు. పైకీ చూడకు. నీ చేతుల్ని చూసుకో. వాటికి పనివ్వు."

ఇచ్చాను.

పైన… ఎలా చెప్పను?

భూమి నాలుగు వైపులా పరుచుకుని ఉంది. మూడు ఊళ్ల ధాన్యం గోపురాలు తెల్లగా, దూరంగా. ఆ మూడు ఊళ్లలోనూ పాడాను నేను. ఒక ఊళ్లో వర్షంలో పాడాను, ఒకచోట పదకొండు మంది ముందు పాడాను, ఒకచోట జ్వరంతో పాడాను, ఎవరో నా భుజాల మీద కోటు కప్పారు, ఆ కోటు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. ఇరవయ్యేళ్లు ఇంత నేల మీదా తిరిగాను, ఇంత నేల నన్ను మోసింది. ఎప్పుడూ పైనుంచి చూడలేదు. ఎప్పుడూ ఎవరికీ సరిగా దణ్ణం పెట్టలేదు.

నేను ఏడ్చాను. నాకు ఒక చేయి ఖాళీగా ఉంది.

నేను దిగాక ఆమె పిడి వదిలింది. చక్రం మళ్లింది, గాలిని వెతుక్కుంది, పట్టుకుంది. లోపల ఎక్కడో ఇనుప కడ్డీ కదిలింది. గొట్టం దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తొట్టెలో నీళ్లు పడ్డాయి.

సాయంత్రం బయల్దేరాను. గేటు వెయ్యడానికి ఆమె బండి వెనకాలే నడిచొచ్చింది. వేసింది. కారు అద్దంలో చూస్తున్నాను. గేటు వేశాక కూడా ఆమె పోలేదు. చెక్క మీద చేతులు ఆనించి, రోడ్డు వైపు చూస్తూ… నిలబడింది.

కీలు బాగానే ఉంది.

ఈ ముక్క నేను ఏ పాటలోనూ పెట్టలేదు.

*

కొత్త పాటకు పదకొండు వారాలు పట్టింది.

సంచి భుజాన వేసుకుంది,
మెట్టు మెట్టూ ఎక్కింది —
దుఃఖమంటే ఏమి తెలుసు ఆవులకు?
దాహమొకటే తెలుసు…

మొదటిసారి పాడింది ఒక ఆదివారం మధ్యాహ్నం డాన్సు హాల్లో. జంటలు లేచారు. ఆ తాళానికి అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడిపోయారు. ఒక్కొక్కరే పోయి కూచున్నారు. వెనకనుంచి ఒకాయన, "గేటు పాట పాడవమ్మా!" అని కేకేశాడు.

మైకులో చెప్పేశాను. గేటు పాట తప్పు. ఆమె ఎప్పుడూ ఎదురుచూడలేదు. అదంతా నా కల్పన. ఇంక అది పాడను.

నిజం చెప్పానని మురిసిపోయాను. నిజం చెప్పడం ఇంత తేలికా అనుకున్నాను.

దిగాక నెల్డా వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది. ఏ ఊళ్లో పాడినా వస్తుంది, ముందు వరసలో కూచుంటుంది.

"మా అమ్మ పోయేటప్పుడు ఆస్పత్రిలో ఆ పాటే పెట్టాం," అంది. "అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. 'అదుగో, మీ నాన్న గేటు దగ్గరున్నాడే' అని నవ్వింది. అదే ఆఖరి మాట. ఇప్పుడు నువ్వు మైకులో అదంతా అబద్ధమంటే… నేనేం చేసుకోను ట్వైలా?"



ఆమె చేతిసంచి సర్దుకుని వెళ్లిపోయింది. తర్వాతి నెలల్లో ముందు వరసలో ఆ కుర్చీ ఖాళీ.

డ్వేన్ ఒకరోజు కొత్త పాట వేశాడు. "ఫోన్ల మీద ఫోన్లు," అన్నాడు. "గోధుమ రేటు తప్పు చదివినప్పుడు కూడా ఇన్ని తిట్లు తినలేదమ్మా." రెండు హాళ్లవాళ్లు వసంతకాలంలో రావద్దన్నారు, మర్యాదగానే.

ఆ చలికాలమంతా నేను రెండు పాటలూ పాడలేదు. పాత దానికి నోరు రాదు. కొత్త దానికి ధైర్యం రాదు.

పాడటం మానేద్దామా అని కూడా అనుకున్నాను. లోయెల్‌కు చెప్పలేదు. ఆయనకు తెలుసు.

ఒక పొద్దున కొట్టం వైపు పోతున్నాను. లోపల ఆయన బస్తాలు ఎత్తుతూ కూనిరాగం తీస్తున్నాడు. మెట్టు మెట్టూ ఎక్కింది…

"ఏం పాట అది?"

ఉలిక్కిపడ్డాడు. "ఏదో. నోట్లో దూరింది."

మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి గిటార్ తీగల మీది మట్టి తుడిచాను.

ఆ తర్వాత వేలం షెడ్డులో ఒకామె. చేతులకు చిరిగిన తొడుగులు. భర్తకు ఒంట్లో బాగోక మంచం పట్టాడు, మందనంతా తనే చూసుకుంటోంది. "ఆ సంచి పాట పాడతావా?" అంది గొంతు తగ్గించి, మందు అడిగినట్టు. పాడాను. విని, తొడుగులు బిగించుకుని, దూడల దగ్గరికి పోయింది.

*

ఏప్రిల్‌లో ఒనీటా పాట వినడానికి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. ముందు వరస. నెల్డా కూడా వచ్చింది, ఈసారి వెనక తలుపు దగ్గర కూచుంది.

సంచి పాట పాడాను. నా బతుకులో అంత భయంగా ఎప్పుడూ పాడలేదు. పాట పొడవునా ఒనీటా పక్కన కూచున్న ముసలాయనతో పంపులోపల బిగించే తోలు వాషర్ల గురించి మాట్లాడుతూనే ఉంది. నాకు వినబడుతూనే ఉంది.

అయ్యాక దగ్గరికి పోయాను.

"ఎలా ఉందండి?"

"నిజమే చెప్పావు. కానీ మరీ మెల్లగా ఉంది. అంత మెల్లగా ఎక్కితే ఆవులు చచ్చూరుకుంటాయి."

నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే నెల్డా సంగతంతా చెప్పేశాను. ఆస్పత్రి. చెయ్యి. ఆఖరి మాట.

ఒనీటా ముంజేతి మీది గాటును బొటనవేలితో రుద్దుకుంటూ కూచుంది.

"ఎక్కడుంది ఆ పిల్ల?"

చూపించాను. లేచింది. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ హాలంతా దాటి పోయి నెల్డా పక్కన కూచుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నెల్డా ముందు నవ్వింది. తర్వాత మొహం చేతుల్లో దాచుకుంది. ఒనీటా ఆమె వీపు మీద రెండుసార్లు చరిచింది, గట్టిగా, గుర్రాన్ని చరిచినట్టు.

తిరిగొచ్చింది.

"ఆ గేటు పాట కూడా పాడు," అంది.

"అది మీది కాదు కదా మిస్ ఒనీటా."

"కాదు. వాళ్లమ్మది. వాళ్లది వాళ్లకిచ్చెయ్."

పాడాను. అయిదు నెలల తర్వాత. జంటలు లేచారు. నెల్డా లేవలేదు. కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి.

ఒనీటా ఈసారి మాట్లాడకుండా వింది.

సాయంత్రం ఆమెను బండి దాకా సాగనంపడానికి పోయాను. తలుపు తీసి పట్టుకున్నాను. ఎక్కింది. తాళంచెవి పెట్టింది. తిప్పలేదు.

"నేను పోయినప్పుడు మాత్రం గేటు పాటే పాడు."

"అదేంటండీ! అది మీరు కాదని మీరే—"

"చావుకొచ్చిన జనం ఏడవాలా వద్దా? నీ సంచి పాటకి ఎవడేడుస్తాడు? విని, లేచి పనికి పోతారు."

బండి పోయింది. దుమ్ము లేచింది. నేను నవ్వుతూనే, నోట్లో ఆ దుమ్ముతోనే, ఎంతసేపు నిలబడ్డానో…

*

నాలుగేళ్లయింది.

ఒనీటాకు ఎనభై అయిదు. ఇంకా తన బండి తనే నడుపుతుంది. సంచి పాట ఇప్పుడు వడిగా పాడుతున్నాను, ఆవులు బతికే వేగంలో. రావద్దన్న రెండు హాళ్లలో ఒకటి మళ్లీ పిలిచింది. రెండోది పిలవలేదు. పరవాలేదు.

ఆమె చావుకు ఏది పాడాలో నాకు ఇంకా తెలియదు. ఆమె అడిగింది ఒకటి. ఆమె బతికింది ఒకటి. తేల్చుకోవాల్సిన రోజు ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలు.

పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ తలచుకుంటాను — తప్పు పాటను ఇన్నేళ్లు ప్రేమించినవాళ్లను. తప్పని చెప్పడానికి ఎనభై మైళ్లు బండి నడుపుకుని వచ్చి, వరసలో తన వంతు దాకా నిలబడిన మనిషిని. ఏమీ చెప్పకుండా కూనిరాగం తీసినవాణ్ణి. ఎవరికని చెప్పను కృతజ్ఞత? ఎక్కడనుంచి మొదలుపెట్టను?

పోయిన ఆదివారం హాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఎండ నేలమీద పొడుగ్గా పడుకుంది. పాటల వరస రాసుకున్న చీటీ గాలికి లేచి, వేదిక దిగి, ముందు వరసలోకి దొర్లింది. ఒనీటా దాన్ని బూటుతో తొక్కిపట్టింది. వంగి తియ్యలేదు. ఏం రాసుందో చూడలేదు.

"కానియ్," అంది.

లోయెల్ నావైపు చూశాడు — ఏది?

నేను తీగల మీద వేళ్లు పెట్టాను. సన్నటి మట్టి. వేళ్ల కింద గరగర.

గాలి వస్తూనే ఉంది…